అండాశయ క్యాన్సరు: రక్తపరీక్ష చెప్పేదెంత?



అండాశయ క్యాన్సరుకు ఆపరేషను, కీమోథెరపీ పూర్తయి ఇల్లు చేరిన స్త్రీని ఒక భయం వదలదు: జబ్బు మళ్లీ వస్తుందేమోనని. అందుకే కొన్ని నెలలకొకసారి సి.ఎ.-125 అనే రక్తపరీక్ష చేయిస్తుంటారు. అమెరికాలో డాక్టర్ రాబర్ట్ బాస్ట్ బృందం 1981లో దీనికి దారి వేసింది. గడ్డ నుంచి రక్తంలోకి చేరే ఒక మాంసకృత్తును ఇది కొలుస్తుంది. మిల్లీలీటరుకు 35 యూనిట్ల లోపుంటే మామూలు అంటారు.

జబ్బు తిరగబెట్టేటప్పుడు, బాధ తెలియడానికి కొన్ని నెలల ముందే ఈ అంకె పెరగవచ్చు. ముందే తెలిస్తే ముందే మందు, దానితో ఎక్కువ ఆయుష్షు అని మనమంతా అనుకుంటాం. నిజమేనా? డాక్టర్ గోర్డన్ రస్టిన్ బృందం దీన్ని పరీక్షించి, ఫలితాలను 2010లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. మొదటి వైద్యంతో కుదుటపడి, తర్వాత అంకె పెరిగిన 529 మందిని రెండు జట్లుగా చేశారు. ఒక జట్టుకు వెంటనే మందు. రెండో జట్టుకు లక్షణాలు కనిపించాకే. మొదటి జట్టుకు కీమో దాదాపు 5 నెలలు ముందు పడింది. కాని మధ్యస్థ లెక్కన వారు బ్రతికింది 25.7 నెలలు, రెండో జట్టువారు 27.1 నెలలు. అంటే లాభం లేకపోగా, కీమో బాధలు ముందే మొదలయ్యాయన్నమాట!

అలాగని పరీక్ష దండుగ అని మేము అనడం లేదు. తిరగబెట్టిన గడ్డను మళ్లీ ఆపరేషనుతో పూర్తిగా తీయగలిగిన కొందరికి ఆయుష్షు పెరిగిందని 2021లో డెస్క్‌టాప్-3 పరిశోధన చూపింది. అటువంటివారికి ముందుగా తెలియడం పనికిరావచ్చు.

ఇంకో మాట. కడుపులో క్షయ ఉన్నా, నెలసరిలో ఉన్నా కూడా ఈ అంకె పెరగవచ్చు. కాబట్టి ఒక్క కాగితం చూసి గుండె జారనివ్వకండి. పరీక్ష మళ్లీ చేయించండి. అంకె బాగుంది కదా అని కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండటం, తగ్గని నొప్పి దాచుకోకండి. సిగ్గుపడి దాచుకోవడం మన ఇళ్లలో మామూలైపోయింది.

మెహదీ నవాజ్ జంగ్ పేరున్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆస్పత్రి రెడ్‌హిల్స్‌లో ఉంది, ప్రభుత్వానిదే. పీర్జాదిగూడ వారు ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగవచ్చు.

అంకె పెరిగితే ఏం చేస్తారో రక్తం ఇవ్వకముందే డాక్టరునడగండి. పరీక్ష కావాలో వద్దో చెప్పవలసింది ఆమె. ఆమె వెంట వెళ్లవలసింది మనం.