చేతికందని ఆజ్ఞ
(డెలానీపూరు తెలుగు కుటుంబముల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పక్షవాతము వచ్చినవానికి “చేయి పడిపోయినది” అనుట లోకములోని వాడుక. నిజమునకు ఆ చేతిలో లోపమేమియు లేదు. ఎముక ఎప్పటి ఎముకయే, కండ ఎప్పటి కండయే. మెదడులో నొకచోట రక్తనాళము పూడుకొనిపోయియో, చిట్లియో, చేతిని నడపు తావు దెబ్బతిన్నది. కార్యాలయపు భాషలో చెప్పవలెనన్నచో, అధికారి ఉత్తరువుపై సంతకము చేసినాడు. డెస్పాచి గుమాస్తా లేడు. కాగితము బల్లమీదనే యున్నది.

ప్రపంచమున 25 ఏండ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలములో ఎప్పుడో ఒకప్పుడు ఈ ఆపద సంభవింపవచ్చునని 2016 నాటి లెక్కలనుబట్టి నిపుణులు అంచనా కట్టిరి. బ్రదికి బయటపడినవారిలో పలువురికి నడక కొంతవరకు తిరిగివచ్చును. చేయి మాత్రము వెనుకబడును. చేతి పనియంతయు వ్రేళ్ల నేర్పులో నున్నది గదా! అన్నము కలుపుకొనుట, చొక్కాకు బొత్తాములు పెట్టుకొనుట, మనుమరాలికి జడ వేయుట, అన్నియు ఆ నేర్పుతోనే పోవును. ముప్పది యేండ్లు ఫైళ్లమీద నోట్లు వ్రాసిన చేయి, తాను బ్రదికియున్నానని పింఛనుదారు నవంబరు నెలలో ఇచ్చుకొను పత్రముపై సంతకమునకు మారుగా వ్రేలిముద్ర వేయవలసివచ్చుట చిన్న విషయమని, దానిని కన్నులార చూడనివారు మాత్రమే అనగలరు.

తెగిన దారిని విడిచి, మెదడులోని సంకల్పమును వేరొక దారిని చేతికి చేర్పవచ్చునా? ఈ ప్రశ్న వెనుక నూరేండ్ల చరిత్ర కలదు. 1924లో జర్మనీ దేశపు యేనా నగరమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు మనుష్యుని మెదడులోని విద్యుత్తరంగములను మొదటిసారి గీతలుగా నమోదు చేసి, 1929లో లోకమునకు వెల్లడించెను. 1969లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున ఎబర్‌హార్డ్ ఫెట్జ్ అను శాస్త్రజ్ఞుడు ఒక కోతి మెదడులోని ఒక్క నాడీకణము చలనమును కొలమానపు ముల్లునకు ముడిపెట్టెను. కణము చురుకుగా పనిచేసినచో ముల్లు కదలును. ముల్లు కదలినచో మేత దొరకును. కోతి ఆ విద్యను శీఘ్రముగానే పట్టుకొన్నది.

అదే విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రాజేశ్ పి. ఎన్. రావుగారు మద్రాసులో జన్మించి, హైదరాబాదు కాంచనబాగులోని కేంద్రీయ విద్యాలయమున 1988 వరకు చదివినవారు. కేంద్రీయ విద్యాలయమనగానే ఈ సభలోని తల్లిదండ్రులు చెవులు నిక్కించుట సహజము! 2013 ఆగస్టు 12న ఆయన తలకు విద్యుత్తరంగములను గ్రహించు టోపీ ధరించి, కుడిచేతిని కదల్పకయే, కదల్చుచున్నట్లు భావించిరి. ఆ సంకేతము ఇంటర్నెట్టు ద్వారా మరియొక భవనములో నున్న సహాధ్యాపకుడు ఆండ్రియా స్టాకో తలపై నమర్చిన అయస్కాంతపు చుట్టకు చేరినది. వెంటనే స్టాకో వ్రేలు ఆయన ప్రమేయము లేకయే కదలి మీటను నొక్కినది. ఒకరి సంకల్పము మరియొకరి వ్రేలియందు ఫలించినది. ఇది ప్రదర్శనయే గాని చికిత్స కాదు; అయినను చికిత్సకు మూలమైన సూత్రము ఇందు స్పష్టముగా కనిపించును.

చికిత్స సంగతికి వచ్చినచో, అన్నిటికంటె ఆలోచింపదగిన పరీక్ష 2013లో జర్మనీనుండి ప్రకటితమైనది. చేయి చాలకాలముగా స్వాధీనములో లేని 32 మంది రోగులను రెండు జట్లుగా విభజించిరి. ఇరువురి చేతులకును ఒకే విధమైన యంత్రపు తొడుగు. ఇరువురికిని ఒకే వ్యాయామ చికిత్స. మొదటి జట్టువారు చేయి కదల్పవలెనని యత్నించి, ఆ యత్నము మెదడు తరంగములలో పొడకట్టిన క్షణముననే తొడుగు వారి చేతిని కదల్చును. రెండవ జట్టులో తొడుగు తన యిచ్చవచ్చినప్పుడు కదలును. రోగి తలంపునకును దానికిని పొత్తు లేదు. మొదటి జట్టు చేయి మెరుగుపడినది. రెండవ జట్టునకు ఆ లాభము కలుగలేదు. లాభము కొలతలో గొప్పది కాదు, కొద్దిపాటిదే. అందలి మర్మము మాత్రము గొప్పది. చేతిని ఎవరో కదల్చినంతమాత్రమున మెదడు నేర్చుకొనదు. సంకల్పము పుట్టిన క్షణమున చేయి కదలి, ఆ కదలిక వార్త తిరిగి మెదడునకు చేరవలెను. అప్పుడే మిగిలిన నాడులు కొత్త దారి వేసికొనును.

2021 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వపు ఔషధ నియంత్రణ శాఖ ఇట్టి యంత్రమొకదానిని పక్షవాతపు చేతికి వాడుటకు అనుమతించెను. దాని పేరు ఇప్సీహ్యాండ్. దెబ్బతినని వైపు మెదడునుండి సంకేతము గ్రహించుట దాని విశేషము. మన దేశమున కాన్పూరు ఐ.ఐ.టి. ఆచార్యులు ఆశిష్ దత్తాగారు ఇట్టి చేతి తొడుగునే నిర్మించినట్లు 2025లో ప్రకటితమైనది. దానిని తొలుత పరీక్షించినది ఎనిమిది మందిపై, ఫలితములు ఆశాజనకములే. ఎనిమిది మందిని చూచి దేశమంతటికి తీర్పు చెప్పుట తగదు.

2024లో శ్రీ విజయపురమని పేరు మారిన ఈ పోర్టు బ్లెయిరులో, డెలానీపూరు గడపకు ఆ యంత్రము రేపే రాదు. చెన్నపట్టణము ఓడలో మూడు దినముల దూరము. రక్తనాళమును పూడ్చిన గడ్డను కరిగించు మందు సాధారణముగా నాలుగున్నర గంటలలో పడవలెను. కనుక మూతి వంకర పోయినను, చేయి వ్రాలినను, మాట తడబడినను, పావురపు నెత్తురు పూయు ఏర్పాట్లు మాని తక్షణమే జి.బి. పంత్ ఆసుపత్రికి చేర్పవలెను.

తరువాతి నెలలలో కుటుంబములవారు ప్రేమచేతనే పొరపడుచుందురు. అన్నము వారే తినిపింతురు, బొత్తాములు వారే పెట్టుదురు, చేతిని గంటలకొలది వారే మర్దించుదురు. జర్మనీలోని రెండవ జట్టు పరిస్థితి ఇదియే గదా! దీనికి విరుగుడుగా ఎడ్వర్డ్ టాబ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు యంత్రము లేని మార్గమును చూపెను. బాగుగా నున్న చేతికి మేజోడు వంటి తొడుగు వేసి, అవిటి చేతితోనే పనులు చేయించుట అందలి పద్ధతి. 222 మంది పాల్గొన్న పరీక్షలో రెండు వారములు నడపిన ఈ చికిత్స ఫలితములు 2006లో ప్రకటితములైనవి. ఏడాది గడచిన పిమ్మటను ఆ మేలు నిలిచియున్నది. అయితే మణికట్టు, వ్రేళ్లు కొంతయైనను కదలువారికే ఇది తగును. అదియు వ్యాయామ చికిత్సకుని సలహాతోనే.

వ్రేళ్లు ఏమాత్రము కదలనివారి మాట యేమి? యంత్రము కావలసినది సరిగా వారికే. కాన్పూరు తొడుగు అంగడికి వచ్చిననాడు, కేంద్రోద్యోగుల, పింఛనుదారుల వైద్యవ్యయపు పట్టికలో దానికి చోటు దొరకుట ఢిల్లీలో ఫైలుగా నడువవలసిన పని. అట్టి ఫైలుపై మొదటి నోటు వ్రాయనేర్చినవారు ఈ సభలో పలువురు కలరు.