కంద దురద - కిడ్నీలో రాయి



కంద తరిగితే చేతులు దురద పెడతాయి. అందుకే ముందు చేతులకు నూనె రాసుకుంటారు. సరిగా ఉడకని చేమదుంప తింటే నాలుక, గొంతు గీరుకుపోతాయి. అందుకే పెద్దవాళ్ళు చింతపండు వేసి మెత్తగా ఉడికించేవారు. చేమదుంపల పులుసు అలా పుట్టిందే కాబోలు.

ఆ దురద ఎందుకు? కందలో, చేమలో కంటికి కనపడనంత సన్నని సూదులు ఉంటాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే కట్టలు కట్టలుగా కనిపిస్తాయి. అవి చేతికి, నాలుకకు గుచ్చుకుంటాయి. ఆ సూదులు దేనితో తయారయ్యాయి? ఆక్సలేట్ అనే పదార్థం, కాల్షియం అంటే సున్నం, ఈ రెండూ కలిసి గట్టిపడితే తయారయ్యాయి.

ఆక్సలేట్. ఈ మాట కొత్తది. కూడబలుక్కుని ఇంకోసారి చదవండి. మాట కొత్తదే గానీ సరుకు పాతదే. రోజూ కంచంలో ఉండేదే. పాలకూరలో ఇది చాలా ఎక్కువ. తోటకూరలోనూ ఎక్కువే. చుక్కకూర పుల్లదనం దీని వల్లే. నువ్వుల్లో, వేరుశనగ గింజల్లో, టీలో కూడా ఉంది. మెంతికూరలో, క్యాబేజీలో తక్కువ.

కిడ్నీలో వచ్చే రాళ్ళలో ఎక్కువ భాగం కూడా ఈ రెండూ కలిసి కట్టినవే. అంటే కంద సూదులే పోయి కిడ్నీలో రాయి అవుతాయని కాదు. కూరలో కరిగి ఉన్న ఆక్సలేట్ కొంత రక్తంలోకి పోతుంది. కొంత ఒంట్లోనే తయారవుతుంది. రెండూ మూత్రంలోకి వస్తాయి. అక్కడ కాల్షియం కలిస్తే చిన్న పలుకు కడుతుంది. పలుకు పెరిగి రాయి అవుతుంది.

ఒక ఊళ్ళో మిరపకోతలకు పోయే ఒక అక్క ఉంది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఒక రాత్రి నడుము పక్కన పోటు మొదలైంది. పొత్తికడుపులోకి దిగింది. కూర్చోలేదు, పడుకోలేదు. వాంతులు. కాన్పు నొప్పులే నయం అంది. తెల్లారి ఆస్పత్రికి తీసుకుపోయారు. స్కానింగ్ తీశారు. కిడ్నీ నుంచి దిగే గొట్టంలో మినపగింజంత రాయి ఉంది. నొప్పికి సూది వేసి, మాత్రలిచ్చి, మూడు వారాల తర్వాత రమ్మన్నారు.

ఇంటికి రాగానే ఊరంతా డాక్టర్లే! ఆకుకూర ముట్టొద్దని ఒకామె. టమాటా గింజలే రాళ్ళవుతాయని ఇంకొకామె. పాలు, పెరుగు సున్నమే గదా, మానెయ్యమని మరొకామె. ఉలవచారు తాగితే రాయి కరుగుతుందని ఒకరు, అరటి దవ్వ రసం అని ఒకరు. ఆ అక్క అన్నీ మానేసింది. పొద్దునా రాత్రీ ఊరగాయ, అన్నం. ఇరవై రోజులకు చేలో కళ్ళు తిరిగి కూలబడింది.

మళ్ళీ ఆస్పత్రికి పోతే డాక్టరమ్మ ముందుగా కూరల సంగతి అడగలేదు. రోజుకు నీళ్ళెన్ని తాగుతావని అడిగింది. అక్క తల దించుకుంది. చేలో మగవాళ్ళుంటారు. చాటు లేదు. ఇంటి దగ్గర మరుగుదొడ్డి ఉంది గానీ చేలో లేదు గదా. నీళ్ళు తాగితే ఒంటికి పోవాలి. అందుకని పొద్దున అన్నం తిన్నాక మళ్ళీ సాయంత్రం దాకా నీళ్ళు ముట్టదు. నడి ఎండలో కూడా!

ఉప్పు మళ్ళు చూసినవాళ్ళకు తెలుసు. నీరు ఎండలో ఇగిరిపోతే అడుగున ఉప్పు పేరుకుంటుంది. మూత్రం చిక్కబడితే ఒంట్లో జరిగేదీ అదే. మూత్రం పసుపుపచ్చగా చిక్కగా పోతుంటే నీళ్ళు చాలడం లేదన్నమాట. రాయి వచ్చినవారికి రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం పోవాలి. ఎండలో పనిచేసేవారు అందుకు మూడు లీటర్ల పైగానే తాగాలి. నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది. నిమ్మలో ఉండే పులుపు రాయి కట్టకుండా అడ్డుపడుతుంది. అయితే కిడ్నీలు చెడిపోయినవారు, గుండెజబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పిన కొలతే తాగాలి.

మరి పెరుగు మానాలా? అక్కర్లేదు. తింటేనే మంచిది. పెరుగులోని కాల్షియం కూరలోని ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేసుకుంటుంది. రెండూ కలిసి మలంలో బయటికి పోతాయి. కిడ్నీ దాకా రావు. ఇటలీ దేశంలో రాళ్ళ జబ్బున్న 120 మంది మగవారిని రెండు జట్లు చేసి 5 ఏళ్ళు చూశారు. ఒక జట్టు పాలు, పెరుగు లాంటివి తగ్గించింది. రెండో జట్టు వాటిని మామూలుగా తిని, ఉప్పు, మాంసం తగ్గించింది. మొదటి జట్టులో 60 మందిలో 23 మందికి మళ్ళీ రాయి వచ్చింది. రెండో జట్టులో 12 మందికే వచ్చింది. 2002లో ఈ సంగతి అచ్చయింది.

ఉప్పు ఎందుకు తగ్గించారు? ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువ పోతుంది. పాపం ఆ అక్క పెరుగు మానేసి ఊరగాయ తింది!

టమాటా గింజల మాట ఒట్టిది. టమాటాలో ఆక్సలేట్ కొంచెమే. ఇక ఉలవచారు. రుచికి తాగొచ్చు. కానీ కాల్షియం ఆక్సలేట్ రాయి గట్టిపడ్డాక దాన్ని కరిగించే మందు ఇంగ్లీషు వైద్యంలో కూడా లేదు. చిన్న రాయి అయితే చాలాసార్లు దానంతట అదే పడిపోతుంది. పెద్దదైతే డాక్టర్లు పగలగొట్టి తీస్తారు.

ఆకుకూరల సంగతి. ఒకసారి రాయి వచ్చినవారు పాలకూర, చుక్కకూర, తోటకూర తగ్గించాలి. తినాలనిపిస్తే ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు వార్చి పారబోయాలి. ఆక్సలేట్ చాలావరకు నీళ్ళతో పోతుంది. ఆ కూర మజ్జిగన్నంతో తినాలి. రాయి లేనివారు వార్చక్కర్లేదు. వారిస్తే విటమిన్లు కూడా పోతాయి. రాయి లేనివారు ఆకుకూర మానడం అంతకన్నా పెద్ద తప్పు.

ఇంకో మాట. పాలకూరలో కాల్షియం ఉంది గదా, బాలింతకు పాలు లేకున్నా పర్లేదంటారు. పాలలోని కాల్షియం నూటికి 27 పాళ్ళ దాకా ఒంటికి పడుతుంది. పాలకూరలోది 5 పాళ్ళే. మిగతాది ఆక్సలేట్ పట్టేసుకుంటుంది. పాలకూర పాలకు బదులు కాదు.

నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఇంట్లో ఉండొద్దు. అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఆ అక్క రాయి తర్వాత వారంలో పడిపోయింది. అయినా చేలో చాటు లేదు గదా? కోతకు వచ్చే ఆడవాళ్ళంతా కలిసి మేస్త్రీని అడిగారు. మేస్త్రీ మొదట నవ్వాడు. చాటు కట్టందే రేపు కోతకు రామన్నారు. మర్నాడు గట్టు పక్కన నాలుగు కర్రలు పాతి, పాత పట్టా చుట్టి కట్టించాడు. ఇప్పుడు ఒక్కొక్కరు రెండేసి సీసాల నీళ్ళు తీసుకుపోతున్నారు. సాయంత్రానికి సీసాలు ఖాళీగా ఇంటికి వస్తున్నాయి.