వర్షారణ్యములు – సైరంధ్రివన రక్షణము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



భూమధ్యరేఖకు ఇరువైపులను, ఏడాదిలో అధికభాగము వాన కురియు సీమలందు పెరుగు దట్టమైన అడవులకు వర్షారణ్యములని పేరు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీప్రాంతమునను, ఆఫ్రికాలోని కాంగో నదీప్రాంతమునను, ఇండోనేషియా దీవులయందును ఇవి విస్తారముగా కలవు. మన దేశమున పశ్చిమ కనుమలలోను, ఈశాన్య రాష్ట్రములలోను, అండమాన్ దీవులలోను కలవు. ఇవి ఆక్రమించు నేల స్వల్పమే. అయినను నేలపై బ్రతుకు జీవజాతులలో సగమునకు పైగా వీనియందే కలవని శాస్త్రజ్ఞుల అంచనా.

వాన అడవిని పెంచును. అడవి వానను పెంచును. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులు ఆవిరిగా విడుచును. ఆ ఆవిరియే మబ్బై, గాలితో సాగి, దూరప్రాంతములందు మరల కురియును. రాలిన ఆకులు వానదెబ్బను కాచి, నీటిని మెల్లగా నేలలోని కింకించును. అందుచే వేసవియందును కొండవాగులు పారుచుండును. ఇంత పచ్చగా నున్నను ఈ అడవులలో పెక్కింటి నేల నిస్సారము. సారమంతయు చెట్లయందే నిలిచియుండును. చెట్లు పోయినచో సారము వానితోనే పోవును. మిగిలిన మన్ను వానలకు కొట్టుకొనిపోవును.

అయినను ఈ అడవులు తరిగిపోవుచున్నవి. బ్రెజిల్ దేశమున పశువుల బీళ్ళకును, సోయా సేద్యమునకును అమెజాన్ అడవిని నరికిరి. 2004లో ఒక్క ఏటనే 27,000 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి నశించెను. ఉపగ్రహముల నిఘావలనను, చట్టముల అమలువలనను 2012 నాటికి ఆ నష్టము 5,000కు లోబడెను, కట్టుబాటు సడలగా 2021లో మరల 13,000 చేరెను, పిమ్మట తగ్గినది. ఇండోనేషియాలో ఆయిల్‌పామ్ తోటలకై అడవులను కొట్టిరి. ఆ దేశపు పామాయిలు మన వంటయిండ్లకును వచ్చుచున్నది గాన, ఇది కేవలము పరదేశపు ముచ్చట కాదు.

అడవి పోకమునుపే మేల్కొని నిలుపుకొన్నవారు మన దేశమందలి కేరళయందు కలరు. పాలక్కాడు జిల్లాలో సైలెంట్ వ్యాలీ అను లోయ కలదు. పాండవులు అచట వసించిరని స్థానికుల నమ్మకము. ఆ అడవికి సైరంధ్రివనమనియు, అందలి నదికి కుంతిపుళ అనియు పేర్లు. ఆ నదిపై జలవిద్యుత్తుకై ఆనకట్ట కట్టుటకు 1973లో ప్రణాళికా సంఘము అనుమతి నొసగెను. 120 మెగావాట్ల విద్యుత్తు, వెనుకబడిన మలబారునకు పరిశ్రమలు, కూలీలకు పని – ఇవి తోసిపుచ్చదగిన కోరికలు కావు. కాని సుమారు 830 హెక్టార్ల అడవి మునుగవలసియుండెను. సింహమునకువలె తోక చివర కుచ్చుగల అరుదైన నల్లకోతి ఆ అడవిలో బ్రతుకుచున్నది. అది ఎక్కువగా కొమ్మనుండి కొమ్మకే సాగును. నడుమ చెట్లు లేనిచో దానికి రాకపోకలు కష్టము.

కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు ఈ విషయమును పరిశీలించి 1979లో పుస్తకముగా వెలువరించెను. సభలలో లాభనష్టములను ప్రజలకు విప్పిచెప్పెను. పక్షిశాస్త్రజ్ఞుడు సలీం అలీ, వ్యవసాయ శాస్త్రజ్ఞుడు ఎం. ఎస్. స్వామినాథన్ అడవి పక్షమున నిలిచిరి. కవయిత్రి సుగతకుమారి మొదలగువారు కవితలతో ప్రజలను కదిలించిరి. తుదకు ప్రభుత్వము ఆనకట్ట తలంపును విడిచెను. 1984లో ఆ లోయను జాతీయ వనముగా ప్రకటించిరి. 1985 సెప్టెంబరు 7న ప్రధాని రాజీవ్ గాంధీ దానిని ప్రారంభించెను. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించిన పశ్చిమ కనుమల భాగములలో అదియు నొకటి.

విద్యుత్తును మరియొక చోట, మరియొక విధమున పుట్టింపవచ్చును. వేలయేండ్లు పెరిగిన అడవిని మరల పుట్టింపలేము. ఆ వాదమున గెలిచినవారి చేతనున్న ఆయుధములు చిన్న పుస్తకములు, సభలు, పాటలు. ఇరువదియైదేండ్లుగా గ్రామమునకు పుస్తకములను, సభలను సమకూర్చుచున్న ఈ గ్రంథాలయమున ఆ ఆయుధములు సిద్ధముగనే కలవు. అడవులను, నీటిని, నేలను గూర్చిన పుస్తకములకు ఇచటి బీరువాలో ఒక అర కేటాయించి, వానిని పిల్లలచే చదివించుట ఈ ఉత్సవమునకు తగిన జ్ఞాపిక కాగలదు.