వినేవాళ్లను తయారుచేసుకుందాం



మన సాయంతో యూనివర్సిటీల్లో చదివే పిల్లల ఫీజుల లెక్క ఏటా చెప్పుకుంటున్నాం. ఈసారి వాళ్ల మనసు సంగతి చెప్పుకుందాం. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు చెబుతూ, 100 మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హులైన కౌన్సిలర్ ఉండాలంది. తీర్పు వచ్చినంత వేగంగా కౌన్సిలర్లు తయారుకారు కదా!

ఏడెనిమిది మంది విద్యార్థులు వారానికోసారి గుండ్రంగా కూర్చుని, ఒక కౌన్సిలర్ సమక్షంలో మాట్లాడుకోవడమే గ్రూప్ థెరపీ. 1905లో బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ప్రాట్ క్షయ రోగులను ఇలాగే ఒకచోట కూర్చోబెట్టారు. ‘నాకొక్కడికే ఇలా’ అని కుమిలిపోయేవాడికి, పక్కవాడి నోట అదే మాట వినబడితే సగం బరువు దిగుతుంది.

కొత్త కౌన్సిలర్ల శిక్షణలో విద్యార్థుల పాత్ర వేయడానికి మేము కొందరం టీచర్లం వెళ్లాం. అసలు గ్రూపులో బయటివాళ్లకు చోటుండదు, ఉండకూడదు కూడా. మాలో ఒకరు బ్యాక్‌లాగ్‌లున్న ఇంజనీరింగ్ కుర్రాడిగా, “ఇంట్లో ఇంకా చెప్పలేదు” అని ఆగిపోయారు. అందరూ మౌనం. కొత్త కౌన్సిలరమ్మ పది సెకన్లు కూడా ఓర్చుకోలేక, “ధైర్యంగా ఉండు, మళ్లీ రాస్తే పాసవుతావు” అనేసింది. శిక్షకురాలు ఆపించి, “ఆ మాటతో ఎవరి భయం తగ్గిందమ్మా? అతనిదా, నీదా?” అని అడిగారు.

తల దించుకున్నది మేము. ముప్పై ఏళ్లుగా క్లాసులో మేము చేస్తున్నదీ అదే. పిల్లవాడు నోరు తెరవగానే సలహా ఇచ్చేస్తాం.

రెండోసారి ఆ అమ్మాయి ఓపిక పట్టింది. తర్వాత, “ఇంట్లో చెప్పుకోలేని మాట ఇంకెవరి దగ్గరైనా ఉందా?” అని మెల్లగా అడిగింది. మాలో ఒకరు పాత్ర మరచిపోయి, తమ సొంత మాట చెప్పుకున్నారు. అదేమిటో ఇక్కడ చెప్పం. అది అమానత్.

ఈ పని పుస్తకం చదివితే రాదు. మొదట సీనియర్ పక్కన కూర్చుని గ్రూపు నడపాలి. ప్రతి సమావేశం తర్వాత, ఎక్కడ తొందరపడ్డామో, ఎవరు మౌనంగా ఉండిపోయారో సీనియర్‌తో మాట్లాడుకోవాలి. గ్రూపులో చేర్చుకునే ముందు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలి. చనిపోవాలన్న ఆలోచన ఉన్నవారిని గ్రూపుకే వదిలేయకుండా వెంటనే మానసిక వైద్యుల దగ్గరకు చేర్చాలి. ప్రాణం మీదకు వస్తే రహస్యం దాచబోమని మొదటిరోజే చెప్పాలి. మాలాంటి బీఎడ్ వాళ్లం ఈ బాధ్యత నెత్తిన వేసుకోకూడదు. పిల్లలకు టెలిమానస్ నంబరు 14416 ఇవ్వడం మాత్రం మా చేతిలో పని.

సీనియర్ల సమయానికి డబ్బు కావాలి. హాస్టల్ గదికైతే దాత పేరు చెక్కిస్తాం, వాళ్లు వెచ్చించే గంటల మీద ఏం చెక్కిస్తాం? జకాత్ ఎవరికి చెందాలో ఆలిములు చెబుతారు. మేము అడిగేది సదఖా. సైకాలజీలో పీజీ చేసిన మన అమ్మాయిలు ఇద్దరు శిక్షణకు సిద్ధంగా ఉన్నారు. ఒకరికి సీనియర్ దొరికారు. రెండో అమ్మాయి ఇంకా ఎదురుచూస్తోంది.