యంత్రము మారినను లెక్క తప్పరాదు

విండోస్ 10కు మైక్రోసాఫ్టు వారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. పనిచేయుచున్న కంప్యూటరును పారవేయ మనసొప్పక లైనక్సు వైపు చూచు చిన్న వర్తకులున్నారు. ఉత్తరములకు, జాబితాలకు అందు లోటు లేదు. చిక్కంతయు జమాఖర్చుల దగ్గర వచ్చును. మన బజారులలో వాడుకలోనున్న టాలీ విండోస్ కొరకు తయారైనది.

లైనక్సుపై ఏమున్నవో చూతము. గ్నూక్యాష్ ఉచితము, 1998 నుండి ఉన్నది. ప్రతి వ్యవహారమును ఒక ఖాతాలో డెబిట్టుగాను, మరొక ఖాతాలో క్రెడిట్టుగాను వ్రాయు జంటపద్దు విధానము దానిది. బిల్లులు, రావలసిన బాకీలు అందు చూచుకొనవచ్చును. కాని మన జీఎస్టీ రిటర్నులను అది సిద్ధపరచి ఇయ్యదు. అవియు కావలెనన్నచో, ముంబయిలో పుట్టిన ఈఆర్‌పీనెక్స్ట్ కలదు. దానికి భారతీయ పన్నుల అనుబంధమును చేర్చుకొనవలెను. అయితే దానిని నెలకొల్పి కాపాడుటకు తెలిసిన మనిషి అవసరము.

ఏది ఎంచుకొన్నను తొందర తగదు. వార్షిక రిటర్ను గడువు మొదలు 72 నెలలు లెక్కలు భద్రపరచవలెనని జీఎస్టీ చట్టము చెప్పుచున్నది. పాత యంత్రమును తుడిచివేసిన పిమ్మట అధికారి అడిగినచో, ఆ ఆవర్జాలను మనము తెరచుటెట్లు? కావున పాత లెక్కలను ముందుగా ఎక్సెల్, పీడీఎఫ్ రూపములలో వేరొకచోట దాచవలెను. ఏప్రిల్ 1న ముగింపు నిల్వలతో కొత్త పద్దులు ప్రారంభించి, ఒక నెల రెండుచోట్లను వ్రాయవలెను. నెలాఖరున రెండు అంకణాలును రూపాయి తేడా లేక సరిపోయిన నాడే పాతదానికి సెలవు చెప్పుదము.