మిల్లీసెకన్ల మీద నమ్మకం

 

ఈ సదస్సుకు పేట్ బషీరాబాద్ తగిన చోటు. ఇక్కడి నుంచి నాగపూర్ రహదారి పట్టుకుని పోతే ఘన్‌పూర్‌లో మెడిసిటీ వైద్య కళాశాల ఉంది. శామీర్‌పేట వైపు బిట్స్ పిలానీ ప్రాంగణం, ఇంకాస్త ముందుకెళ్తే తుర్కపల్లిలో జీనోమ్ వ్యాలీ. రోగిని చూసేవారు, భౌతికశాస్త్రం చెప్పేవారు, మందు తయారుచేసేవారు ఇరుగుపొరుగున ఉన్నారు. ఎం.ఆర్.ఐ. కొలతలను ఎంత నమ్మవచ్చన్న సమస్య ఎత్తుకున్నాను, అది ఈ ముగ్గురిదీ.

ఎం.ఆర్.ఐ. బొమ్మలో తెలుపు నలుపులు చూసి అభిప్రాయం చెప్పడం మనకు అలవాటే. టీ1, టీ2 అనే రిలాక్సేషన్ టైములను కొలిచి చెప్పడం అంతకంటే పెద్ద బాధ్యత. రేడియో తరంగం కదిలించిన ప్రోటాన్లు అయస్కాంత క్షేత్రం దిశకు తిరిగి చేరుకునే వేగాన్ని టీ1 చెబుతుంది. వాటి మధ్య పొందిక చెదిరిపోయే వేగాన్ని టీ2 చెబుతుంది. దానికి క్షేత్రంలోని హెచ్చుతగ్గుల ప్రభావం కూడా కలిస్తే టీ2 స్టార్. అన్నీ మిల్లీసెకన్ల లెక్కే.

ఈ అంకెల మీద ఆశ ఎం.ఆర్.ఐ. బొమ్మ కంటే ముందు పుట్టింది. ఎలుకల కణితుల్లో ఈ కాలాలు మామూలు కణజాలంలో కంటే ఎక్కువని 1971లో రేమండ్ డమేడియన్ 'సైన్స్' పత్రికలో రాశారు. లాటర్‌బర్ తీసిన తొలి ఎం.ఆర్.ఐ. బొమ్మ వచ్చింది 1973లో. ఇక అంకె చూసి కేన్సర్ పట్టేయవచ్చని చాలామంది అనుకున్నారు. అయితే 1984లో బాటమ్లీ బృందం అప్పటిదాకా అచ్చయిన విలువలను ఒకచోట చేర్చింది. అయస్కాంత క్షేత్రం పెరిగేకొద్దీ టీ1 పెరుగుతుందని ఆ సమీక్ష స్పష్టం చేసింది. ఒకే కణజాలానికి వేర్వేరు ప్రయోగశాలలు ఇచ్చిన విలువలు ఎంత చెదిరి ఉన్నాయో కూడా బయటపెట్టింది.

ఆ చెదురుబాటు ఇంకా పోలేదు. టీ1 కొలవడానికి ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి: ఇన్వర్షన్ రికవరీ, లుక్-లాకర్, వేరియబుల్ ఫ్లిప్ యాంగిల్. 2015లో స్టికోవ్ బృందం మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. ద్రావణాల సీసాలున్న పరీక్ష నమూనా అయిన ఫాంటమ్‌లో మూడూ దాదాపు కలిశాయి. మనిషి మెదడులోని తెల్లపదార్థానికి వచ్చేసరికి 30 శాతానికి పైగా తేడా వచ్చింది. ఎందుకంటే రేడియో తరంగ బలం తల అంతటా ఒకేలా ఉండదు. స్వేచ్ఛగా ఉన్న నీరు, పెద్ద అణువులకు అంటుకున్న నీరు అయస్కాంతత్వాన్ని ఇచ్చిపుచ్చుకుంటాయి. సీసాలోని ద్రావణానికి ఈ చిక్కులు అంతగా లేవు. కాబట్టి ఫాంటమ్ పరీక్ష నెగ్గితే చాలదు. అందులోనే తప్పితే మాత్రం ముందుకు పోవద్దు.

అందరూ ఒకే పద్ధతి వాడితే? 2020లో అంతర్జాతీయ మాగ్నెటిక్ రెసొనెన్స్ సంఘం చేపట్టిన సవాలులో అనేక కేంద్రాలు అచ్చయిన ఒకే ఇన్వర్షన్ రికవరీ పద్ధతిని అనుసరించాయి. ఫాంటమ్‌లో ఒకే బృందం కొలతల మధ్య తేడా 2.9 శాతం. బృందం మారితే 6.1 శాతం. మెదడు బయటి పొరలో అవే 6.9, 16 శాతాలయ్యాయి. పద్ధతి పేరు ఒకటైనంత మాత్రాన కొలత ఒకటి కాదు.

మరి ఈ అంకెలను నమ్మి వైద్యం చేసిన చోటు లేదా? ఉంది, తలసీమియా వైద్యంలో. తలసీమియా పిల్లలకు కొన్ని వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ప్రతి యూనిట్‌తో 200 మిల్లీగ్రాములకు పైగా ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటకు పంపే దారి శరీరానికి లేదు. హైదరాబాద్‌లో 1998 నుంచి తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ ఇలాంటి కుటుంబాలతో పనిచేస్తోంది. గుండెలో ఇనుము పేరుకుందో లేదో టీ2 స్టార్ చెబుతుంది. 2001లో లండన్‌లో ఆండర్సన్ బృందం 20 మిల్లీసెకన్లు కింది హద్దని చూపింది. 10కి దిగితే గుండె వైఫల్యం ముప్పు బాగా ఎక్కువని 2009 నాటి అధ్యయనం తేల్చింది.

ఈ కొలత ఎందుకు నిలబడింది? 1.5 టెస్లా యంత్రం, ఒక ఊపిరి బిగింపు, గుండె గదుల మధ్య గోడలోనే లెక్క అని నియమం కట్టుకున్నారు. వేర్వేరు స్కానర్ల మీద సరిచూశారు. తర్వాత రోగులకు ఏమైందో కనిపెట్టి చూశారు. అందరూ ఒక పద్ధతికి కట్టుబడి, ఫలితంతో సరిపోల్చుకున్న చోటే అంకెకు విలువ వచ్చింది. నేను నొక్కి చెప్పదలచింది ఇదే.

అక్కడా జాగ్రత్త తప్పదు. ఒకరికి నిరుడు 21, ఈ ఏడాది 19 వచ్చాయనుకోండి. హద్దు దాటినట్టే కనిపిస్తుంది. మీ యంత్రంలో మళ్లీ మళ్లీ కొలిస్తే వచ్చే తేడా 5 శాతమైతే, రెండు కొలతల మధ్య నిజమైన మార్పుకు హద్దు తెలియడానికి దాన్ని 2.77తో గుణించాలి. దాదాపు 14 శాతం, అంటే 20 దగ్గర 2.8 మిల్లీసెకన్లు. అంతకు లోపు మార్పు చూసి ఇనుము పెరిగిందని తేల్చలేం. ఈ లెక్క చేయని రిపోర్టు తల్లిదండ్రులను ఊరికే భయపెడుతుంది, లేదా ఊరికే ఊరడిస్తుంది. కూరగాయల కొట్టులో తూకం రాయికి సైతం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. మన మిల్లీసెకన్లకు ఆ ముద్ర మనమే వేసుకోవాలి.

అందుకు ఈ సదస్సు ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను. ఒకటి, ప్రతి కేంద్రం నెలకోసారి ఫాంటమ్‌ను స్కాన్ చేసి, దాని ఉష్ణోగ్రతతో సహా రాసిపెట్టాలి. సాధారణంగా వాటి ప్రామాణిక విలువలు 20 డిగ్రీల దగ్గర ఇస్తారు, వేడి మారితే అంకె మారుతుంది. రెండు, ఒక రోగిని వీలైనంతవరకు ఒకే యంత్రం మీద చూడాలి. సాఫ్ట్‌వేర్ మారిస్తే ముందు ఫాంటమ్, ఆ తర్వాతే రోగి. మూడు, రిపోర్టులో క్షేత్ర బలం, సీక్వెన్స్, కొలిచిన చోటు, కొలతలో ఉండే తేడా నాలుగూ రాయాలి. నాలుగు, ఒకే ఫాంటమ్‌ను కొంపల్లి, మేడ్చల్, శామీర్‌పేట కేంద్రాలన్నిటికీ తిప్పి, వచ్చిన విలువలను దాచకుండా ఒకే పట్టికలో వేయాలి.

స్కానర్ ఖాళీ ఉండదని అంటారు, నాకు తెలుసు. పొద్దున మొదటి రోగి రాకముందు చేయవచ్చు. పట్టికలో మన కేంద్రం అంకె పక్కకు జరిగి ఉంటే నామోషీ పడనక్కరలేదు, కారణం వెతికితే చాలు. మధ్యాహ్నం చర్చలో ఈ నాలుగింటినీ సరిదిద్ది, సాయంత్రానికి తీర్మానంగా ఆమోదించమని కోరుతూ సదస్సును ప్రారంభిస్తున్నాను.