బావిలోని గాలి
(రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



వేసవికాలమున పల్లెలలో అప్పుడప్పుడు వినవచ్చు విషాదవార్త యొకటి కలదు. ఎండిన బావిలో పూడిక తీయుటకు ఒకడు దిగును. కొంతసేపటికి అతని పలుకు వినిపించదు. అతనిని పైకి తెచ్చుటకు తమ్ముడు దిగును; అతడును కూలిపోవును. వారికొరకు పొరుగువాడు దిగును. మోకాలిలోతు నీరైనను లేని బావిలో ముగ్గురు మరణింతురు. బావి బలి కోరినదని కొందరందురు. బావికి కోరికలు లేవు. అందున్నది గాలి మాత్రమే. కాని అది పైనున్న గాలి వంటిది కాదు.

భూమి గట్టి ముద్ద కాదు. నేలకు క్రిందుగా, భూగర్భజల మట్టమునకు పైగా నుండు మంటిలోను, రాతి పగుళ్లలోను గాలి నిండియుండును. బయటి గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లు; బొగ్గుపులుసు వాయువు 0.04 పాళ్లు మాత్రమే. నేలలో చెట్లవేళ్లును, కంటికి కానరాని సూక్ష్మజీవులును ప్రాణవాయువును గ్రహించి బొగ్గుపులుసు వాయువును విడుచుచుండును. అందుచే నేలలోని గాలియందు ఈ వాయువు నూటికి ఒక పాలు మొదలు కొన్ని పాళ్లవరకును ఉండవచ్చును.

ఈ వాయువు చేయు పని వింతయైనది. వాననీటిలో కరగి, దానికి కొంచెము ఆమ్లగుణము నిచ్చును. అట్టి నీరు సున్నపురాతిని మెల్లమెల్లగా కరగించును. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలును, అనంతగిరి కొండలలోని బొర్రా గుహలును సున్నపురాతిలో నీరు తొలిచిన గుహలే. గుహకప్పునుండి నీటిచుక్క వ్రేలాడునపుడు అందలి వాయువు కొంత గుహలోని గాలిలో కలియును. అప్పుడు కరగిన సున్నపురాయి మరల పేరుకొని, యుగములు గడచిన పిమ్మట స్తంభముల రూపము దాల్చును.

నేలలోని గాలి కదలక యుండునని తలంపరాదు. అమెరికాలోని దక్షిణ డకోటాయందు ‘విండ్ కేవ్’ అను గుహ కలదు. 1881లో బింగ్‌హాం సోదరులు దానిని కనుగొనుటకు కారణము చిన్న రంధ్రమునుండి వెడలుచున్న గాలి చప్పుడేయని చెప్పుదురు. బయటి వాయుపీడనము తగ్గినపుడు గుహ గాలిని వెలికి విడుచును. హెచ్చినపుడు లోనికి పీల్చును. బావుల విషయమును ఇట్టిదే. తుపాను వచ్చుటకు ముందు పీడనము పడిపోగా, రాతి పగుళ్లలోని చెడుగాలి బావిలోనికి ఊరును. కాబట్టి నిన్న క్షేమముగా దిగివచ్చిన బావియే నేడు ప్రాణము తీయవచ్చును.

ఋతుభేదము కూడ గమనింపదగినది. చలికాలపు రాత్రులందు పైనున్న చల్లగాలి బరువెక్కి బావిలోనికి దిగును. లోపలి వెచ్చని గాలి పైకి లేచును. ఆ విధముగా బావి శుభ్రపడును. వేసవి పగళ్లలో బయటి గాలి వేడెక్కి తేలికపడును. బావిలోని చల్లగాలి కదలక అడుగుననే నిలిచిపోవును. బొగ్గుపులుసు వాయువు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది. పూడిక తీయు కాలమును, గాలి నిలిచిపోవు కాలమును ఒక్కటే యగుట దురదృష్టము.

పెద్దలు బావిలోనికి లాంతరు దింపి చూచుట తెలివిగల ఆచారమే. ప్రాణవాయువు నూటికి సుమారు 16 పాళ్లకు తగ్గినచో దీపము ఆరిపోవును. అయినను దీపము వెలిగినంతమాత్రమున బావి క్షేమమని నమ్మరాదు. లోన నడచిన నూనె ఇంజను విడిచిన విషవాయువును దీపము తెలుపజాలదు. కుళ్లిన మురుగునుండి పుట్టు మండెడి వాయువు ఉన్నచో దీపమే ప్రమాదకరము. బొగ్గుపులుసు వాయువు నూటికి 10 పాళ్లకు చేరినచో మనుష్యుడు కొలది నిమిషములలో స్పృహ తప్పును; నిచ్చెన యెక్కు వ్యవధియు ఉండదు.

నేడు వాయువులను కొలుచు చిన్న యంత్రములు కలవు. దిగుటకు ముందు వానితో పరీక్షింపవలెను. గొట్టముద్వారా అడుగువరకు మంచిగాలిని పంపవలెను. పని ముగియువరకును ఆపరాదు. ఇంజనును బావిలో దింపి నడపరాదు. దిగువాని నడుమునకును భుజములకును మోకు కట్టి, దాని కొనను పైన ఇద్దరు పట్టుకొనవలెను. లోపలివాడు పడిపోయినచో మోకుతో లాగవలెనేగాని, శ్వాసపరికరము లేక మరియొకడు దిగరాదు. తక్షణమే 101 సంఖ్యకు ఫోనుచేసి అగ్నిమాపక దళమును పిలువవలెను.

తోడబుట్టినవాడు కన్నులయెదుట పడిపోగా గట్టున నిలుచుట కష్టము. ఆ క్షణమున ధైర్యముకంటె ముందుగా నేర్చిన తెలివియే రక్షించును. బావిలో దిగి శ్రమించువారిలో చదువరానివారు పలువురు కలరు. గ్రంథాలయమున చదివినవారు ఈ నాలుగు మాటలను వారికి చదివి వినిపించినచో, బీరువాలోని పుస్తకము బావిగట్టున ఒక ప్రాణమును నిలుపగలదు.